మోడెం మార్చాను, మెసేజ్ రాలేదు: కోట రొయ్యల గుంట దగ్గర ఒక రాత్రి



ఈ ఎపిసోడ్ చేయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే. కంపెనీని తిట్టడానికి లేదు, నెట్‌వర్క్‌ని తిట్టడానికి లేదు. నేను రాసిన కోడ్ వల్ల మా మావయ్యకి ఒక గుంట రొయ్యలు పోయాయి. ఆ తప్పు ఎక్కడుందో నాకు చూపించింది కూడా మా మావయ్యే. ఆయన ఇంజనీరు కాదు. ఒకప్పుడు కోటలో ఎస్టీడీ బూత్ నడిపిన మనిషి.

ముందు మా ఊరి గురించి రెండు ముక్కలు చెప్తాను. కోట అంటే గూడూరు నుంచి సముద్రం వైపు వస్తే తగిలే ఊరు. పక్కనే విద్యానగర్, అక్కడ 1979 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇంకా తూర్పుకి పోతే బకింగ్‌హాం కాలువ, ఆ తర్వాత సముద్రం. ఆ చుట్టుపక్కలంతా రొయ్యల గుంటలు.

రొయ్యల సాగు తెలియని వాళ్ళ కోసం ఒక మాట. వనామీ రొయ్యల్ని గుంటలో ఒత్తుగా వేస్తారు. నీళ్ళలో ఆక్సిజన్ సరిపోవాలంటే ఏరియేటర్లు తిరగాలి. ముఖ్యంగా రాత్రిపూట. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ టైములో కరెంటు పోయి, జనరేటర్ వేసేవాళ్ళు లేకపోతే, గంటల్లో పంట పోతుంది. ఆరు గంటలకి లేచి చూసుకుందాంలే అంటే కుదరదు.

అందుకే నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మావయ్యకి ఒక చిన్న పెట్టె చేసిచ్చాను. లోపల ఒక చిన్న బోర్డు, ఒక బ్యాటరీ, సిమ్ వేసిన ఒక జీఎస్ఎం మోడ్యూల్. కరెంటు పోతే బోర్డు ఆ మోడ్యూల్‌కి చెప్తుంది, అది మావయ్య ఫోన్‌కి మెసేజ్ పంపి, కాల్ కూడా చేస్తుంది. రెండేళ్ళు బాగా పనిచేసింది. మావయ్య దాన్ని ఎంత నమ్మాడంటే, కాపలా ఉండే అన్నకి కూడా "నువ్వు పడుకో, పెట్టె మోగితే నేనే వచ్చి లేపతా" అని చెప్పేశాడు.

తర్వాత నేను ఒక "అప్‌గ్రేడ్" చేశాను. పాతది 2జీ మోడ్యూల్. దాన్ని తీసేసి 4జీ మోడ్యూల్ పెట్టాను. అది వేరే తయారీ. డేటాషీట్ చూశాను, ఏటీ కమాండ్లు సపోర్ట్ చేస్తుందని రాసుంది. నా కోడ్ మాట్లాడేది కూడా ఏటీ కమాండ్లే. ఇంకేముంది, సరిపోతుంది అనుకున్నాను. టేబుల్ మీద పెట్టి ప్లగ్ పీకాను, మెసేజ్ వచ్చింది. బండి మీద గుంట దగ్గరికి తీసుకెళ్ళి బిగించి, మళ్ళీ స్విచ్ తీశాను, మెసేజ్ వచ్చింది. సంతోషంగా వెళ్ళిపోయాను.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి కరెంటు పోయింది. మెసేజ్ రాలేదు, కాల్ రాలేదు. తెల్లారి కాపలా అన్న లేచేసరికి రొయ్యలు గట్టు పక్కకొచ్చి తేలిపోతున్నాయి. జనరేటర్ వేశారు, కానీ ఆ గుంటలో సగానికి పైగా పోయాయి.

నాకు ఫోన్ వచ్చినప్పుడు మావయ్య ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "ఒకసారి వచ్చి చూడు అల్లుడా" అన్నాడు, అంతే. తిట్టుంటే బాగుండేది.

వెళ్ళాను. పెట్టె తెరిచాను. బ్యాటరీ ఉంది. నెట్‌వర్క్ లైటు చక్కగా వెలుగుతోంది. ల్యాప్‌టాప్ తగిలించి లాగ్ తెరిచాను. నా బోర్డు మోడ్యూల్‌ని "ఏటీ" అని అడుగుతోంది. వెంటనే "మోడెం సిద్ధంగా లేదు" అని రాసుకుంటోంది. మూడు సెకన్లు ఆగి మళ్ళీ "ఏటీ". మళ్ళీ "సిద్ధంగా లేదు". రాత్రంతా అదే. వేల లైన్లు.

నేను తల పట్టుకుని కూర్చున్నాను. మావయ్య వెనక నుంచి కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఏంది అల్లుడా ఇది? నువ్వు ఏటీ అంటే అదీ తిరిగి ఏటీ అంటుండాది. ఎకో ఆపలా నువ్వు?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. రొయ్యల మేత లెక్కలు రాసుకునే మనిషికి ఎకో ఎలా తెలుసు?

దీనికి జవాబు కావాలంటే మనం కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1981కి.

అప్పట్లో ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడాలంటే మామూలు టెలిఫోన్ లైనే దారి. ఫోన్ లైన్ మోసేది శబ్దాన్ని. కంప్యూటర్ దగ్గర ఉండేది ఒకట్లు, సున్నాలు. ఈ ఒకట్లు సున్నాల్ని శబ్దంగా మార్చి పంపి, అవతల మళ్ళీ ఒకట్లు సున్నాలుగా మార్చే డబ్బానే మోడెం. చాలావాటికి నంబరు మనిషే తిప్పేవాడు. అవతలి నుంచి కీచుమని శబ్దం రాగానే రిసీవర్‌ని మోడెం మీద బోర్లించేవాడు.

1981లో అమెరికాలో హేస్ అనే కంపెనీ స్మార్ట్‌మోడెం అని ఒకటి తెచ్చింది. వేగం సెకనుకి 300 బిట్లు. అంటే సెకనుకి దాదాపు 30 అక్షరాలు. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపే 1 ఎంబీ ఫోటో దాంట్లో పంపాలంటే 9 గంటల పైనే పడుతుంది. కానీ దాని గొప్పతనం వేగం కాదు. అది మాట వింటుంది. డేటా వెళ్ళే వైరు మీదే దానికి ఆజ్ఞలు కూడా ఇవ్వొచ్చు. ప్రతి ఆజ్ఞా "ఏటీ"తో మొదలవుతుంది. అటెన్షన్ అనే మాటలో మొదటి అక్షరాలు అవి. "ఇదిగో, ఇటు చూడు" అని పిలవడం లాంటిది. ఏటీ డీ టీ అని నంబరు ఇస్తే టోన్‌తో డయల్ చేస్తుంది. ఏటీ డీ పీ అంటే పాత తిప్పుడు ఫోన్ లాగా పల్స్‌తో చేస్తుంది. ఏటీ హెచ్ అంటే పెట్టేస్తుంది. ఏటీ ఈ0 అంటే, నేను చెప్పింది నాకే తిరిగి చెప్పకు, ఎకో ఆపు అని.

ఎకో ఎందుకు పెట్టారంటే, అప్పట్లో మనిషే కీబోర్డు ముందు కూర్చుని ఈ కమాండ్లు కొట్టేవాడు. తను కొట్టింది తెర మీద కనపడాలి కదా. మనిషికి ఉపయోగపడేది అది. ప్రోగ్రామ్‌కి మాత్రం అడ్డం.

హేస్ పద్ధతి బాగా నచ్చడంతో మిగతా కంపెనీలు కూడా అదే భాష పెట్టుకున్నాయి. డబ్బా మీద "హేస్ కంపాటిబుల్" అని వేసుకున్నాయి. ఇక్కడే అసలు తలనొప్పి మొదలైంది. డయల్ చెయ్, ఎత్తు, పెట్టెయ్ లాంటి మామూలు మాటల వరకు అందరిదీ ఒకే భాష. దాని తర్వాత ఎవడి యాస వాడిదే.

ఉదాహరణ చెప్తాను. మోడెం లోపల చిన్న మెమరీ ఉంటుంది. కంప్యూటర్ వేగంగా డేటా పోస్తే అది నిండిపోతుంది. "ఆగు, నిండింది" అని మోడెం చెప్పాలి, కంప్యూటర్ వినాలి. దాన్నే ఫ్లో కంట్రోల్ అంటారు. ఇది ఆన్ చేయడానికి రాక్‌వెల్ చిప్పు ఉన్న మోడెంలలో అండ్ కే3 అని ఇవ్వాలి. యూఎస్ రోబోటిక్స్ మోడెంలో అండ్ హెచ్1 అండ్ ఆర్2 అని ఇవ్వాలి. ఇంకొన్నిటిలో బ్యాక్‌స్లాష్ క్యూ3. పని ఒకటే, మాటలు మూడు. ఒకదాని మాట ఇంకోదానికి ఇస్తే ఎర్రర్ అంటుంది. ఎర్రర్ అంటే ఇంకా నయం. కొన్నిసార్లు ఓకే అని వేరే పని చేస్తుంది! అప్పుడు కనెక్ట్ అవుతుంది, మెయిల్ కూడా వస్తుంది, పెద్ద ఫైలు దించుకుంటే మాత్రం మధ్యలో పాడైపోతుంది. ఎక్కడ తప్పుందో దొరకదు.

ఇంకోటి చూడండి. కనెక్ట్ అవగానే మోడెం "కనెక్ట్ 14400" అని చెప్తుంది. అది రెండు మోడెంల మధ్య వేగం కావచ్చు. కంప్యూటర్‌కీ మోడెంకీ మధ్య వైరు మాత్రం 57600 మీద నడుస్తూ ఉండొచ్చు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఆ 14400 చూసి తమ వేగం కూడా 14400కి దించేసుకునేవి. మోడెం మాత్రం 57600లోనే మాట్లాడుతుంది. తెర నిండా పిచ్చి అక్షరాలు. మోడెం తప్పు లేదు, సాఫ్ట్‌వేర్ తప్పు కూడా లేదు. ఆ మాటకి ఒకళ్ళు ఒక అర్థం తీసుకున్నారు, ఇంకొకళ్ళు ఇంకో అర్థం తీసుకున్నారు.

అందుకే అప్పటి కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేర్లన్నిటిలో ఒక ఖాళీ గడి ఉండేది. దాని పేరు ఇనిట్ స్ట్రింగ్. కనెక్ట్ అయ్యే ముందు మోడెంకి చెప్పాల్సిన మాటలన్నీ ఆ గడిలో వరసగా రాయాలి. ఏ మోడెంకి ఏది రాయాలో తెలిసినవాడే ఊర్లో నెట్ ఎక్స్‌పర్ట్. తర్వాత విండోస్ 95 వచ్చినప్పుడు ఒక్కో మోడెం మాటల్ని ఒక్కో ఫైల్లో పెట్టి ఇచ్చారు. జనం నోటుబుక్కుల్లో ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వెళ్ళింది. అయినా లిస్టులో లేని మోడెం కొన్నవాడికి మళ్ళీ ఆ ఖాళీ గడే దిక్కు.

సరే, ఇప్పుడు మన దేశానికి వద్దాం. మన దగ్గర జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. వీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టింది. అందులో విద్యార్థులకిచ్చిన అకౌంట్‌లో బొమ్మలుండవు, వట్టి అక్షరాలే. 1998లో ప్రైవేటు కంపెనీలకి కూడా తలుపులు తెరిచారు. ఆ తర్వాతే చిన్న ఊర్లలో కూడా 172తో మొదలయ్యే నంబరు కొట్టి నెట్‌లోకి వెళ్ళడం మొదలైంది.

మా మావయ్య 2001లో తన ఎస్టీడీ బూత్‌లో ఒక కంప్యూటర్ పెట్టాడు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి మెయిల్ పంపడానికి ఇళ్ళవాళ్ళు వస్తారు, రిజల్ట్స్ చూసుకోడానికి విద్యానగర్ కాలేజీ పిల్లలు వస్తారు అని లెక్క. మోడెం కోసం గూడూరులో రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్ళాడు. షాపులో పెట్టి చూపించారు, కీచుకీచుమని కనెక్ట్ అయింది. కోటకి తెచ్చి పెడితే "నో డయల్ టోన్" అంది. రిసీవర్ ఎత్తి వింటే టోన్ గురగురమంటూ వినపడతానే ఉంది. మోడెం మాత్రం లేదంటుంది! మళ్ళీ రైలెక్కాడు. షాపులో పెడితే పనిచేసింది. మళ్ళీ కోట. మళ్ళీ "నో డయల్ టోన్".

అప్పుడు ఒక కాలేజీ పిల్లోడు వచ్చి, ఆ ఖాళీ గడిలో ఎక్స్3 అని కొట్టాడట. అంతే, కనెక్ట్.

ఏం జరిగిందంటే, అమెరికాలో డయల్ టోన్ అంటే 350, 440 హెర్ట్జ్ రెండు శబ్దాలు కలిపి ఉంటాయి. మన దేశపు టోన్ వేరు, 400 హెర్ట్జ్ చుట్టూ తిరుగుతుంది. మోడెం తను నేర్చుకున్న టోన్ కోసమే చూస్తుంది. లైన్ శుభ్రంగా ఉంటే దగ్గర దగ్గరగా ఉందిలే అని సర్దుకుంటుంది. లైన్లో గురగుర ఉంటే టోనే లేదనేస్తుంది. ఎక్స్3 అంటే అర్థం, టోన్ కోసం చూడకు, నేరుగా డయల్ చెయ్ అని. విండోస్‌లో అయితే ఇదే పనికి "డయల్ టోన్ కోసం ఆగు" అనే దగ్గర ఒక టిక్కు తీసేస్తే చాలు. ఆ ఒక్క టిక్కు కోసం మా మావయ్య రెండుసార్లు రైలెక్కాడు.

అప్పట్నుంచి ఆయన ఒక నోటుబుక్కు పెట్టుకున్నాడు. బూత్ లెక్కల పుస్తకంలో వెనక పేజీలు. ఏ మోడెంకి ఏ స్ట్రింగ్, ఏది ఇస్తే ఏమైంది, ఏ నంబరుకి ఏ వేగం వచ్చింది, అన్నీ రాసుకున్నాడు. చుట్టుపక్కల నెట్ పెట్టినవాళ్ళు కూడా వచ్చి రాసుకుని వెళ్ళేవాళ్ళట.

ఆ నోటుబుక్కులో ఒక పేజీ ఆయనకి 56కే మోడెంల గురించి ఎవరో చెప్తే రాసుకున్నది. 1997లో 56కే వేగం అంటూ రెండు పద్ధతులు వచ్చాయి. ఒకటి ఎక్స్2, ఇంకోటి కే56ఫ్లెక్స్. మీ మోడెం ఒకటి, అవతల కంపెనీ మోడెం ఇంకోటి అయితే రెండూ 33.6కి దిగిపోతాయి. 1998లో వీ.90 అనే ఉమ్మడి పద్ధతి వచ్చాకే గొడవ తగ్గింది. మీకు తెలిసినట్టు చెప్పాలంటే, ఒక కంపెనీ ఫాస్ట్ ఛార్జర్ ఇంకో కంపెనీ ఫోన్‌కి పెడితే మామూలు స్పీడ్‌లో ఎక్కుతుంది చూడండి, అచ్చం అలాగే.

ఇంకో పేజీలో పెద్దక్షరాలతో "సీడీ పారెయ్యొద్దు" అని రాసుంది. అవి విన్‌మోడెంలు. ధర తగ్గించడానికి మోడెం చేయాల్సిన పనిలో చాలా భాగం కంప్యూటర్ ప్రాసెసర్ నెత్తిన పెట్టారు. డ్రైవర్ సీడీ పోయిందంటే ఆ కార్డు వట్టి రేకు ముక్క. లైనక్స్‌లో పెడితే చాలావాటికి డ్రైవరే ఉండేది కాదు.

సరే, మళ్ళీ గుంట దగ్గరికి వద్దాం.

నా పాత 2జీ మోడ్యూల్‌లో నేను ఎప్పుడో ఎకో ఆపేసి, అండ్ డబ్ల్యూ అనే కమాండ్‌తో దాన్ని లోపల సేవ్ చేశాను. చేసినట్టు నేనే మర్చిపోయాను. కొత్త 4జీ మోడ్యూల్‌ని టెస్ట్ చేసేటప్పుడు చేత్తో ఏటీ ఈ0 కొట్టాను, సేవ్ చేయలేదు. బ్యాటరీ తగిలించే ఉంది కాబట్టి బండి మీద తీసుకెళ్ళినా అది ఆఫ్ కాలేదు. అందుకే రెండు టెస్టులూ పాసయ్యాయి.

ఆ రాత్రి కరెంటు పోయింది. అప్పటికి బ్యాటరీ సరిగ్గా ఛార్జ్ అయి లేదు. ఇలాంటి మోడ్యూల్స్ సిగ్నల్ పంపేటప్పుడు కాసేపు గట్టిగా కరెంటు లాగుతాయి, 2జీ మీద అయితే ఒక్కో క్షణం 2 యాంపియర్ల దాకా. ఓల్టేజీ పడింది, మోడ్యూల్ రీస్టార్ట్ అయింది. లేవగానే ఫ్యాక్టరీ అలవాట్లకి వెళ్ళింది. అంటే ఎకో ఆన్. నా కోడ్ "ఏటీ" అని అడిగింది. మొదటి లైన్‌గా "ఏటీ" అనే తిరిగొచ్చింది. రెండో లైన్లో "ఓకే" ఉంది. నా కోడ్ మొదటి లైన్ చూసి, ఇది ఓకే కాదు, మోడెం సిద్ధంగా లేదు అని తీర్పు చెప్పింది. రాత్రంతా మోడెం "ఓకే, ఓకే" అంటూనే ఉంది. నా కోడ్ వినలేదు.

అంటే, కరెంటు పోయినప్పుడు చెప్పాల్సిన పెట్టె, కరెంటు పోతేనే మూగదయ్యేలా నేను చేశాను.

మావయ్య లోపలికెళ్ళి ఆ నోటుబుక్కు తెచ్చాడు. మొదటి పేజీలో ప్రతి స్ట్రింగూ అండ్ ఎఫ్‌తో మొదలవుతోంది. అంటే ముందు ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి వెళ్ళు, ఆ తర్వాత నేను చెప్పినవి ఒక్కొక్కటీ పెట్టుకో అని. "మోడెం ఎట్టుండాదో మనకి తెలవదు అల్లుడా. రాత్రి ఎవరు ఏం కొట్టి పొయ్యారో. అందుకే పొద్దున్నే బూత్ తెరవంగానే మళ్ళా మొదట్నించీ చెప్పేవాణ్ణి" అన్నాడు.

నేను బీటెక్ చదివాను, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఈ మాట నాకు ఎస్టీడీ బూత్ లెక్కల పుస్తకంలో దొరికింది.

ఇది నా ఒక్కడి కథ కూడా కాదు. పొలాల్లో ఫోన్ చేస్తే మోటర్ ఆన్ అయ్యే మొబైల్ స్టార్టర్లు చూసే ఉంటారు, చాలావాటిలో ఉండేది ఇలాంటి మోడ్యూలే, అవి వినేది ఏటీ కమాండ్లే. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ఒక మోడెం ఉంది. 2018లో యూజనిక్స్ సెక్యూరిటీ సదస్సులో ఒక పరిశోధన వచ్చింది. 11 కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్ల సాఫ్ట్‌వేర్ రెండు వేలకి పైగా తీసి వెతికితే, 3,500 ఏటీ కమాండ్లు దొరికాయి. చాలావాటికి బయట ఎక్కడా వివరం రాసి లేదు. హేస్ కంపెనీ 1990లలోనే మునిగిపోయింది. దాని భాష, ఆ యాసలతో సహా, మన జేబుల్లో బతికే ఉంది. 1995లో దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా రాశారు, ఇప్పుడు దాన్ని వీ.250 అంటారు. కానీ అందులో ఉన్నది అందరూ అప్పటికే ఒప్పుకున్న మామూలు మాటలు. తేడాలు మాత్రం దాని బయటే ఉండిపోయాయి. కాబట్టి డేటాషీట్‌లో "ఏటీ కమాండ్స్ సపోర్టెడ్" అని చూస్తే, సగం పనే అయిందనుకోండి.

ఇలాంటివి తయారుచేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం నేను మార్చినవి చెప్తాను.

ఒకటి, ఇప్పుడు నా బోర్డు మోడెం లేచిన ప్రతిసారీ అండ్ ఎఫ్‌తో మొదలుపెట్టి అన్నీ మళ్ళీ చెప్తుంది. అది ఏం గుర్తుపెట్టుకుందో దాని మీద ఆధారపడదు.

రెండు, జవాబులో మొదటి లైన్ చూసి తీర్పు ఇవ్వదు. ఓకే గానీ ఎర్రర్ గానీ వచ్చేదాకా అన్ని లైన్లూ చదువుతుంది.

మూడు, మోడెం రీస్టార్ట్ అయితే ఏమవుతుందో టెస్ట్ చేస్తాను, అది కూడా గుంట దగ్గరున్న పాత బ్యాటరీతోనే. టేబుల్ మీద కొత్త బ్యాటరీతో కాదు.

నాలుగోది మావయ్య పెట్టించింది. రోజూ సాయంత్రం 6 గంటలకి పెట్టె తనంతట తనే మావయ్యకి ఒక మెసేజ్ పంపాలి. అది రాకపోతే ఆ రాత్రి కాపలా అన్న మేలుకుని ఉంటాడు. ముందు నేను "ఎందుకు మావయ్యా, రోజూ విసుగు కదా" అన్నాను. "మోగలేదంటే కరెంటు ఉన్నట్టా, పెట్టె చచ్చినట్టా? నాకెట్టా తెలస్తది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ గుంట నష్టం ఆయన నన్ను కట్టనివ్వలేదు. నేను కట్టింది ఒక కొత్త బ్యాటరీ, అంతే. నోటుబుక్కు మాత్రం నాకిచ్చాడు. మొన్న దాంట్లో చివరి ఖాళీ పేజీలో నేనూ ఒక లైన్ రాశాను: 4జీ మోడ్యూల్, అండ్ ఎఫ్, ఈ0, అండ్ డబ్ల్యూ, తేదీ.

మీ ఇంట్లో కూడా అటక మీద పాత మోడెం, దాని పక్కన ఎవరో రాసిన చీటీ ఉంటే, పారేసే ముందు ఆ చీటీ ఒకసారి చదవండి. రాసినవాళ్ళు ఇంట్లోనే ఉంటే కూర్చోబెట్టి అడగండి, ఎందుకు రాశారో.

ఇవాళ్టికి ఇంతే. గుంటల దగ్గర, పొలాల దగ్గర ఇలాంటి పెట్టెలు పెట్టుకున్న వాళ్ళెవరైనా తెలిస్తే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. సాయంత్రం 6 అవుతోంది, మావయ్య పెట్టె మెసేజ్ నాకు కూడా వస్తుంది ఇప్పుడు. వచ్చింది. ఉంటాను.